క్యారెట్ తీపికి ఎంత యూరియా?
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చలికాలం వస్తే మస్కట్‌లో మనలో చాలామంది కుండీల్లో, పెరట్లో క్యారెట్ విత్తుతారు. ఇంట్లో హల్వా చేసి దేవుడికి నైవేద్యం పెడతారు. అందుకే ఈ పూట దాని తీపి గురించి, దానికి వేసే నత్రజని గురించి నాలుగు మాటలు చెబుతాను.

యూరియా విషయంలో ఒమన్‌కూ మనకూ చుట్టరికం ఉంది. సూర్‌లోని ఒమన్ ఇండియా ఫర్టిలైజర్ కంపెనీని ఒమన్ సగం వాటాతో, ఇఫ్కో, క్రిభ్‌కో చెరి 25 శాతంతో నెలకొల్పాయి. 2005లో ఉత్పత్తి మొదలైంది. సామర్థ్యం ఏడాదికి 16.52 లక్షల టన్నులు. ఆ యూరియా ఓడల్లో మన దేశానికి వెళ్లింది. యూరియాలో 46 శాతం నత్రజనే. అంటే 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు!

నత్రజని చాలకపోతే ఆకు పసుపెక్కుతుంది, దుంప ఊరదు. మరి ఎక్కువైతే? ఆకులు తయారుచేసిన చక్కెరను క్యారెట్ వేరులో దాచుకుంటుంది. నత్రజని మితిమీరితే ఆ చక్కెర కొత్త ఆకులకే ఖర్చవుతుంది. పైన గుబురుగా ఉంటుంది, కింద దుంప చప్పబడుతుంది. పగుళ్లు వస్తాయి, నిల్వ ఉండదు. వాడుకోని నత్రజని నైట్రేట్‌గా దుంపలో మిగులుతుంది.

ఈ నైట్రేట్ దగ్గరే పసిపిల్లల తల్లులు జాగ్రత్త పడాలి. ఆరు నెలలు నిండకముందు ఇంట్లో మెత్తగా చేసిన క్యారెట్ గుజ్జు పెట్టకండి. అన్నప్రాశన అయ్యాక కూడా ఏ పూటకాపూట చేసి పెట్టండి. నిల్వ ఉంచితే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. అది పసివాళ్ల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే నైట్రేట్ కొంత పోతుంది.

చేదుకు మాత్రం యూరియా ఒక్కటే కారణం కాదు. విత్తన రకం, ఎండ వేడి కూడా కారణాలే. ఆపిల్ పళ్ల పక్కన పెట్టినా వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుతో క్యారెట్ చేదెక్కుతుంది. ఫ్రిజ్‌లో రెండూ వేరువేరుగా ఉంచండి.

పెంచేవారికి మూడు మాటలు. ఇక్కడి ఇసుక నేలలో నీళ్లతోపాటు నైట్రేట్ కిందికి జారిపోతుంది. కాబట్టి ఎరువు ఒకేసారి కుమ్మరించకుండా కొద్దికొద్దిగా, విడతలుగా వేయండి. దుంప ఊరే చివరి రోజుల్లో వేయకండి. పచ్చి పేడ వేస్తే వేరు చీలుతుంది, బాగా మాగిన ఎరువే వాడండి.

ఈ చలికాలం పంటలో మొదటి నాలుగు క్యారెట్లు స్వామికి సమర్పించి, రుచి ఎలా ఉందో మాకూ చెప్పండి. సెలవు. స్వస్తి.