రాయి మీద పుట్టిన అక్షరం, మన ఫోన్‌లోకి ఎట్లా వచ్చింది?

ఈరోజు ఫాంట్ల గురించి మాట్లాడుకుందాం.

ఇంగ్లిష్ అక్షరాల కొసలకు అడ్డంగా చిన్న చిన్న పాదాలు ఉంటాయి కదా, వాటినే సెరిఫ్ అంటారు. కొన్ని ఫాంట్లలో ఆ పాదం విడిగా అతికించినట్టు ఉండదు. గీత నడుమ సన్నగా ఉండి, కొసకు వచ్చేసరికి సన్నాయి మూతిలాగా మెల్లగా విచ్చుకుంటది. దాన్నే ఫ్లేర్డ్ సెరిఫ్ అంటారు.

ఈ తీరు ఫాంట్లలో బాగా పేరున్నది ఆప్టిమా. పాదాలు లేవని కొందరు దీన్ని సెరిఫ్ లేని ఫాంట్ల లెక్కలో వేస్తారు. కానీ కొసలు దగ్గరగా చూడండి, విచ్చుకునే ఉంటాయి. జర్మనీకి చెందిన హెర్మన్ జాఫ్ 1950లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లాడు. అక్కడ శాంతా క్రోచే చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు ఆయనకు తెగ నచ్చాయి. చేతిలో కాగితం లేదు. జేబులో ఉన్న వెయ్యి లీరాల నోటు మీదే గీసుకున్నాడు! అదే 1958లో ఆప్టిమాగా బయటకొచ్చింది. వాషింగ్టన్‌లో 1982లో కట్టిన వియత్నాం యుద్ధ స్మారకం మీద 58 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. అవన్నీ ఈ అక్షరాల్లోనే.

మరి మనకేంటి? మన పెద్దేముల్ పక్కనే తాండూరు, నాపరాయికి పెట్టింది పేరు. రాయి మీద పేరు చెక్కించాలంటే డిజైన్ ఫోన్‌లోనే చేసుకునేవాళ్లున్నారు. అక్కడే జాగ్రత్త పడాలి. ఆప్టిమాలో తెలుగు అక్షరాలు లేవు. దాన్ని ఎంచుకుని తెలుగులో టైప్ చేస్తే, ఫోన్ తన దగ్గరున్న ఇంకో ఫాంట్ చూపిస్తది. మీరు ఆప్టిమా అనుకుంటారు, అది ఆప్టిమా కాదు.

తెలుగుకు సెరిఫ్ లేదు. మన అక్షరం అందమంతా తలకట్టులో, గుండ్రాల్లో, గీత లావు సన్నాల్లో ఉంటది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లే చూడండి. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో చేసిన మండలి వార్తల కోసం, చదవడానికి హాయిగా ఉంటది. ఆయనదే రామభద్ర హెడ్డింగులకు, పోస్టర్లకు. అంత లావు అక్షరాన్ని చిన్న సైజులో వాడితే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీతే. ప, ఫ కూడా అంతే. ఆ గీత కనిపించకపోతే ధనమ్మ కాస్తా దనమ్మ అయిపోతది. ఫోన్‌లో అయితే డిలీట్ కొడతాం. రాయి మీద ఏం కొడతాం?

అందుకే చెక్కించే ముందు ఒక పని చేయండి. అదే పేరును అసలు సైజులో ప్రింట్ తీసి గోడకు అంటించండి. నాలుగు అడుగులు వెనక్కి జరిగి చదవండి. వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా కనిపిస్తేనే ఫైల్ పంపండి.

మీ ఊరి రాళ్ల మీద మంచి అక్షరం కనిపిస్తే ఫొటో తీసి కామెంట్లో పెట్టండి. మళ్లీ వీడియోలో కలుద్దాం. ఉంటా మరి!