పంటి బిగువు

ఓర్పును మెచ్చుకొనేటప్పుడు మనము "పంటి బిగువున భరించినాడు" అంటాము. పగను చెప్పవలసి వచ్చినప్పుడు "పండ్లు నూరుతున్నాడు" అంటాము. ఈ రెండు పలుకుబడులును నోటికి సంబంధించినవే అయినా, రెండును నోరు విప్పని మనిషిని గురించి చెప్పినవే. బాధను గాని, కోపమును గాని బయటికి అనలేక పెదవులు బిగించినవాని దవడలో ఏమి జరుగుతున్నదో మన పెద్దలు గమనించినారు. పేరు కూడ పెట్టినారు. అయితే వారు పేరు పెట్టినది పగటి బిగువుకు. అదే మనిషి రాత్రి నిద్రలో, తనకు తెలియకుండ, పటపట పండ్లు కొరుకుతాడు. ఆ చప్పుడును గురించి ఈనాడు కొన్ని మాటలు చెప్పదలచినాము.

వైద్యులు దీనిని బ్రక్సిజము అంటారు. 1907లో ఒక ఫ్రెంచి దంతవైద్య పత్రికలో "బ్రక్సోమనీ" అనే పేరు కనబడినది. నేటి పేరు ఆ వరుసలోనిదే. 2013లో పలు దేశముల నిపుణులు ఏకాభిప్రాయముతో దీనిని రెండుగా విభజించినారు. మెలకువగా ఉన్నప్పుడు దవడలు బిగించుట ఒకటి. నిద్రలో పండ్లు నూరుట రెండవది. రెండింటికిని పనిముట్లు ఆ దవడ కండరములే. కాని రెండును పుట్టే చోట్లు వేరు, వాటిని అదుపులో పెట్టే మార్గములును వేరు.

పై పండ్లు, క్రింది పండ్లు ఎల్లప్పుడు ఒకదానినొకటి తాకి ఉండవలెనని చాలమంది అనుకొంటారు. అది నిజము కాదు. రోజు మొత్తము మీద భోజనమునకు, మ్రింగుటకు కలిపి పండ్లు నిజముగా తాకే కాలము సుమారు 20 నిమిషములని అంచనా. తక్కిన కాలమంతయు వాటి మధ్య సన్నని ఎడము ఉండవలెను. పంటి పైపూత అయిన ఎనామిల్ మన శరీరములో అన్నింటికంటె గట్టి పదార్థము; బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. అయినా తిరుగలిరాళ్లు ఒకదానినొకటి అరగదీసికొన్నట్లు పన్ను పన్నును అరగదీస్తుంది. ఎముక విరిగితే అతుకుకొంటుంది. అరిగిన ఎనామిల్ మాత్రము మరల పెరగదు.

నూరేవానికి తాను నూరుతున్నట్లు తెలియదు. ప్రక్కన పడుకొన్నవారికే తెలుస్తుంది. ఒంటరిగా నిద్రించేవారు గుర్తుల వలన తెలిసికొనవలెను. తెల్లవారి లేవగానే దవడ బిగుసుకొని ఉండుట, కణతలలో నొప్పి, చన్నీళ్లు త్రాగితే పండ్లు జివ్వుమనుట, నోరు తెరిచినప్పుడు చెవి ముందు కీలు టక్కుమనుట, నాలుక అంచుల మీద పంటి నొక్కులు, ముందరి పండ్ల కొనలు చదునగుట—ఇవి ఆ గుర్తులు. వీటిలో ఏదో ఒకటి కనబడినంత మాత్రాన భయపడ పనిలేదు. రెండు మూడు కలిసి, వారముల తరబడి నిలిచి ఉంటే పట్టించుకొనవలెను. ఇది అరుదైన బాధ కాదు. కెనడా దేశములో జరిపిన ఒక పరిశీలన 1994లో వెలువడినది. అక్కడి పెద్దలలో నూటికి 8 మంది నిద్రలో పండ్లు నూరుతున్నట్లు చెప్పినారు. వయసుతోపాటు ఈ సంఖ్య తగ్గుతూ వచ్చినది.

ఇంతకు దీనికి కారణమేమి? నిద్రను యంత్రములతో పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఒక వరుస కనబడినది. నిద్ర ఒక్క క్షణము పలుచబడుతుంది. మెదడు సగము మేలుకొంటుంది. గుండె వేగము పెరుగుతుంది. ఆ వెనుక దవడ కదులుతుంది. మనిషి మేలుకొనడు, తెల్లవారి ఏదియు జ్ఞాపకముండదు. అనగా నిద్ర ఎన్నిసార్లు పలుచబడితే, దవడ కదిలే అవకాశములు అన్ని. దిగులు, ఆందోళన నిద్రను పలుచబరుస్తాయి. అయితే దిగులు ఒక్కటే కారణమనుట సరి కాదు. పగటి బిగువుకు మనోవేదనతో గట్టి సంబంధమున్నది. రాత్రి నూరుడుకు వంశపారంపర్యము, గురక, పొద్దుపోయిన తరువాత త్రాగిన టీ, కాఫీలు, పొగాకు, మద్యము, కొన్ని మందులు కూడ తోడవుతాయి.

ఈ మాటలు మన కొల్లేటి సీమకు ఎంత దగ్గరవో ఆలోచింపవలెను. చేపల చెరువులో నాచు పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకొంటుంది. కనుక తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజులలో చేపలు పైకి తేలి నోళ్లు తెరిచే గడియ అదే. గట్టు మీద పాకలో పడుకొన్న రైతు సగము నిద్రలోనే ఆ గడియకు ఎదురు చూస్తాడు. కరెంటు పోయి రొయ్యల చెరువులో ఏరేటరు ఆగితే, ఆ నిశ్శబ్దమునకే ఉలికిపడి లేస్తాడు. నెలల తరబడి ఇట్టి నిద్ర పోయేవాని దవడకు విశ్రాంతి ఎక్కడిది? దీనికి లీజు సొమ్ము, మేత కొట్టులో అప్పు తోడు. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లు తొలగించినప్పుడు ఎన్నో కుటుంబముల జీవనము తారుమారైనది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీరు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామముల వారు ఇంటి గుమ్మము వంక చూస్తూ రాత్రులు గడిపినారు. సరస్సును కాపాడుట అవసరమే. అందులో సందేహము లేదు. కాని నీరు ఎక్కినా, నీరు తగ్గినా ఆ బరువు ముందు మోసేది ఒడ్డున ఉన్న మనిషే.

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టుకు కర్నూలు నుండి, మహారాష్ట్రము నుండి సరుకు తెచ్చే లారీ డ్రైవరుకు రాత్రికిని పగలుకును తేడా లేదు. టీతో కన్నులు తెరిచి ఉంచుతాడు. పొగాకును బుగ్గన పెట్టుకొంటాడు. ఆ ఊరిలోనే 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదివే బాలునిది మరొక విధమైన జాగరణ. ఏలూరులో ముడి మీద ముడి వేసే తివాచీ నేతగాడు, కంప్యూటరు ముందు పద్దులు సరిచూచే గుమాస్తా—వీరిది పగటి బిగువు. మనసు ఒక సన్నని పని మీద నిలిచినప్పుడు దవడ తనంత తాను బిగుస్తుంది. ప్రక్కవాడు పిలిచి పలుకరించేవరకు బిగిసియున్నదని తెలియదు.

మన ఇండ్లలో ఒక నమ్మకమున్నది. పిల్లవాడు నిద్రలో పండ్లు కొరికితే కడుపులో పురుగులున్నవని అంటారు. పురుగులుంటే వాటికి మందు ఇప్పించవలసినదే. కాని పండ్లు నూరుటకు అవే కారణమని గట్టి నిదర్శనము లేదు. పిల్లలలో చాలమందికి ఎదిగే కొలది ఈ అలవాటు దానంతట అదే తగ్గిపోతుంది. మరొక భయము కూడ తీర్చవలసి ఉన్నది. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణములో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయిన సంగతి ఎవరును మరువలేదు. ఆనాటి నుండి పండ్ల చప్పుడు వినబడితే ఫిట్సు వచ్చినదేమోనని ఉలికిపడేవారు ఉండవచ్చును. రెండింటికిని తేడా ఉన్నది. నూరేవానిని తట్టి లేపితే లేస్తాడు, మాట్లాడుతాడు. పండ్లు గిట్టకరిచి, కాలుసేతులు కొట్టుకొని, పిలిస్తే పలుకకున్న యెడల అది మూర్ఛ. నోటిలో చెంచా గాని, ఇనుప తాళము గాని పెట్టకుండ, ప్రక్కకు ఒత్తిగిలజేసి, వెంటనే వైద్యసహాయము పొందవలెను.

ఇక చేయదగిన పనులు. పగటి బిగువుకు మందు జ్ఞాపకమే. పెదవులు మూసి, పండ్లు విడదీసి, నాలుక కొనను పై పండ్ల వెనుక అంగిటికి తేలికగా ఆనించి చూడండి. దవడ వదులగుట మీకే తెలుస్తుంది. మోటారు స్విచ్చి వేసినప్పుడెల్ల, ఫోను మ్రోగినప్పుడెల్ల, లారీ గేటు దగ్గర ఆగినప్పుడెల్ల ఒకసారి ఇట్లు చేయుట అలవరచుకొంటే కొన్ని వారములలో బిగువు తగ్గవచ్చును. దవడ నొప్పిగా ఉన్న దినములలో చెరకు, తేగలు, గట్టి జంతికలు మానవలెను. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను చెంపలకు కాపడము పెట్టవలెను.

రాత్రికి వేరొక జాగ్రత్త కావలెను. సాయంకాలము తరువాత టీ, కాఫీలు తగ్గించవలెను. నిద్ర కొరకు మద్యము త్రాగేవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: మద్యము నిద్ర పట్టిస్తుంది గాని, పట్టిన నిద్రను నడిరేయి చెడగొడుతుంది. చెరువు కాపలా తప్పని ఇండ్లలో ఇద్దరు వంతులు వేసికొని, ఒకరి వంతులో రెండవవారు నిశ్చింతగా పడుకొనుట మేలు. ఇద్దరును సగము నిద్ర పోవుట వలన చెరువుకును లాభము లేదు. పడుకొనుటకు ఒక గంట ముందు, రేపటి పనులు, తీర్చవలసిన బాకీలు ఒక కాగితము మీద వ్రాసి మూసివేయుట కూడ మంచిది. దాని వలన అప్పు తీరదు. కాని దానిని తలలో మోసుకొని పడుకొనవలసిన అవసరము కొంత తగ్గుతుంది.

పండ్లు అరుగుతున్నట్లు తోస్తే దంతవైద్యునికి చూపవలెను. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, భీమవరములో విష్ణు దంతవైద్య కళాశాల ఉన్నవి. అవసరమైతే వైద్యుడు మీ పండ్ల అచ్చు తీసి, రాత్రి పెట్టుకొనేందుకు ఒక తొడుగు చేయిస్తాడు. చెప్పు పాదమును కాపాడుతుంది కాని దారిలోని ముండ్లను ఏరివేయదు. ఈ తొడుగు పని కూడ అంతే. అది పంటిని కాపాడుతుంది, నూరుటను మాన్పించదు. నూరుడు మానుతుందని మంచి పండ్లను అరగదీయించుకొనుట మాత్రము తగదు. పెద్ద గురక ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్లు ఇంటివారు గమనిస్తే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మనోవ్యాధికి మందు మొదలుపెట్టిన పిమ్మట నూరుడు వచ్చిన యెడల, మందును సొంతముగా మానకుండ, వ్రాసి ఇచ్చిన వైద్యునే అడుగవలెను.

ఇవన్నియు చేసినా ఒక పని మిగులుతుంది. పంటి బిగువున భరించుట మగతనమని, పరువని మన సీమలో ఎందరో అనుకొంటారు. అప్పు సంగతి భార్యకు చెప్పరు; పరీక్ష పోయిన సంగతి తండ్రికి చెప్పరు. పగలంతయు మూసిన నోరు రాత్రి చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ప్రతిసారియు దుఃఖమునకు గుర్తు కాకపోవచ్చును. అయినా అది విన్నవారు దానిని నవ్వులాటకు వాడుకొనకూడదు. "ఏమండీ, ఈమధ్య మీకు నిద్ర సరిగా పట్టుట లేదు, ఏమిటి సంగతి?" అని భార్య, "నాన్నా, మనసులో ఏమైనా పెట్టుకొన్నావా?" అని తల్లి, తీరిక వేళ ఒక్క మాట అడిగితే చాలు. మొదటి దినము "ఏమీ లేదు" అనే జవాబు వస్తుంది. మూడవ దినము మాట రావచ్చును. ఇంటిలో చెప్పుకొనలేనివారికి, బ్రతుకు మీద విసుగు పుట్టినవారికి కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉన్నది. 14416కు రాత్రి పగలు ఎప్పుడైనను, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాట్లాడవచ్చును.

పండ్లు నమలుటకు ఉన్నవి. బరువులు మోయుటకు అవి ఏర్పడలేదు. మోయక తప్పని బరువును ఇంటిలో మరొకరితో పంచుకొన్న దినమున దవడ కొంత వదులవుతుంది; ఆ రాత్రి ఇంటివారికి కూడ కొంత నిద్ర దక్కుతుంది.