పాత పెట్టె మూత విప్పండి

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో, ప్రాజెక్టు కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, సెన్సర్లు బేరమాడి కొన్నవాళ్లు చాలామందే ఉంటారు. ఈసారి తుక్కు కొట్టుకు వెళ్లి ఒక పాత వైఫై రూటర్ కొనుక్కోండి. ప్రాసెసర్, ర్యామ్, ఫ్లాష్ మెమరీ అన్నీ ఉన్న పూర్తి కంప్యూటర్ అది. దాని పని అయిపోయిందని కంపెనీ చెప్పి ఉంటుంది. నిజంగా అయిపోయిందో లేదో తేల్చాల్సింది మీరు.

పెట్టె విప్పి చూడటం ఎంతదూరం తీసుకెళ్తుందో చెప్పే కథ ఒకటుంది. 2002 చివర్లో అమెరికాలో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్‌ను విడుదల చేసింది. మరుసటి ఏడాది ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఆ ఏడాదే రూటర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను, తవ్వి చూసినవాళ్లకు అందులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ బయటపడింది. లినక్స్‌ను ఎవరైనా తమ పరికరంలో పెట్టి అమ్ముకోవచ్చు. కానీ జీపీఎల్ లైసెన్సు ప్రకారం, దాని సోర్స్ కోడ్‌ను కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచి తీరాలి. ఒత్తిడి పెరిగాక కంపెనీ కోడ్ విడుదల చేసింది. దాని ఆసరాతోనే, రూటర్లకు ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ తయారుచేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు 2004లో పుట్టింది.

అప్పటి ఆ పెట్టెలో ఉన్నది 16 మెగాబైట్ల ర్యామ్, 4 మెగాబైట్ల ఫ్లాష్. ఆ కాస్త జాగాలోనే జనం ఫైర్‌వాల్, వీపీఎన్ నడిపారు. బెర్లిన్‌లో ఫ్రైఫుంక్ అనే బృందం వాలంటీర్లు ఇలాంటి రూటర్లనే ఒకదానితో ఒకటి కలిపి ఊరుమ్మడి నెట్‌వర్క్ అల్లారు. 2005లో వచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ అయిదో వెర్షన్‌లో కంపెనీ లినక్స్‌ను తీసేసింది, మెమరీని సగానికి కోసేసింది. అయినా లినక్స్ రూటరే కావాలన్న గిరాకీ తగ్గలేదు. చివరికి పాత హార్డ్‌వేర్‌నే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో మళ్లీ అమ్మింది.

ఇదంతా మూత విప్పడంతో మొదలయ్యే పని. రూటర్ బోర్డు మీద వరసగా నాలుగు ఖాళీ రంధ్రాలు కనిపిస్తే, అవి రూటర్ లోపలి సందేశాలు చదవడానికి వీలిచ్చే సీరియల్ పోర్టువి కావచ్చు. కరెంటు తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక మొనను లోహపు కవచానికి ఆనించి వెతకండి. బీప్‌మన్నది గ్రౌండ్. ఇప్పుడు కరెంటు ఇచ్చి వోల్టేజీ చూడండి. 3.3 వోల్టుల దగ్గర కదలకుండా ఉన్నది సాధారణంగా సరఫరా పిన్, దాని జోలికి పోవద్దు. బూట్ అవుతున్నంతసేపూ ఊగిసలాడేది ట్రాన్స్‌మిట్ పిన్. 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ అడాప్టరే కలపండి, 5 వోల్టులది పెడితే చిప్ మాడిపోవచ్చు. కంప్యూటర్‌లో సీరియల్ వేగం 115200కు పెడితే చాలా రూటర్లు పలుకుతాయి. రూటర్‌ను మొదట లేపే బూట్‌లోడర్ పేరు, ఫ్లాష్ విభాగాలు, కెర్నల్ వెర్షన్ తెర మీద వరసగా పడతాయి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు పాతదాన్ని రెండుసార్లు కాపీ తీసి, రెండూ ఒకటేనని సరిచూసుకోండి. ఆ ఓపిక లేకపోతే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు.

హద్దులు కూడా తెలియాలి. చట్టబద్ధంగా మన చేతికొచ్చిన ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో పరిశీలించి, పరీక్షించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడాన్ని మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఛానళ్లు ఊరికే చూడటానికి సెట్‌టాప్ బాక్సు తాళం పగలగొట్టడం ఆ కోవలోకి రాదు. పాత యజమాని పాస్‌వర్డులు ఫ్లాష్‌లో కనిపిస్తే చెరిపేయండి, ఎవరికీ చూపించకండి. ప్రతి పాత పెట్టెకూ రెండో జన్మ ఉండదనీ గుర్తుంచుకోండి. 4 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న పరికరాలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా కొత్త వెర్షన్లు ఆపేసింది. భద్రతా సవరణలు అందని రూటర్‌ను ఇంటి ఇంటర్నెట్‌కు కాపలా పెట్టకూడదు. అది ప్రయోగాలకు పనికొస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కతేలింది అందులో 22.3 శాతమే. హార్డ్‌వేర్ నిక్షేపంగా ఉండి, సాఫ్ట్‌వేర్ ఆగిపోయినందుకే చెత్తలో చేరే పరికరాలు మనందరి ఇళ్లలోనూ ఉన్నాయి.

రేపు మీలో కొందరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, శాన్‌హోసేలోనో కూర్చుని ఇలాంటి పెట్టెలనే డిజైన్ చేస్తారు. అప్పుడు సీరియల్ పిన్నుల పక్కన వాటి పేర్లు అచ్చు వేయించండి. జిగురు బదులు స్క్రూలు పెట్టమనండి. సపోర్టు ఆపే రోజున బూట్‌లోడర్ తాళం తీసి కొన్నవాళ్లకు అప్పగిద్దామని మీటింగులో అడగండి. కుదరదన్నవాళ్లకు 2024లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ రూటర్‌ను చూపించండి. దాని సీరియల్ కన్సోల్‌కు ఒక యూఎస్‌బీ-సీ కేబుల్ చాలు, ఫర్మ్‌వేర్ చెడిపోతే తిరిగి లేపడానికి విడిగా ఒక ఫ్లాష్ చిప్ ఉంది. మంది పెట్టెలు విప్పుతూ ఇరవై ఏళ్లు నేర్చుకున్నవాళ్లు చేయించిన పెట్టె అది.

ఇతరులు చేసినదాన్ని విప్పి చూసి నేర్చుకోండి. మీరు చేసేదాన్ని మీ తర్వాతి వాళ్లు విప్పి చూడగలిగేలా చేయండి.