ఫోనులో డాక్టరు, చేతిలో రసీదు



జ్వరమొస్తే టౌనుకు పోవాలి. బస్సు చార్జీ పెట్టాలి. ఆ రోజు కూలి పోతుంది. ఆ పైన డాక్టరు ఫీజు. ఇప్పుడు సెల్‌ఫోనులోనే డాక్టరు కనబడతాడు. మాట్లాడతాడు. మందుల చీటీ పంపుతాడు. ఈ పద్ధతికి 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది.

మరి ఆ ఫీజు బీమా ఇస్తుందా?

"మాకు ఆరోగ్యశ్రీ ఉంది కదా!" అంటారు. నిజమే. ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ. కానీ ఆ పథకమైనా, ఆయుష్మాన్ భారత్ అయినా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే. మామూలు జ్వరానికి ఫోనులో ప్రైవేటు డాక్టరుకు కట్టిన ఫీజు వాటిలో రాదు.

సొంతంగా డబ్బు కట్టి తీసుకున్న పాలసీ వేరు. బీమా కంపెనీలను అదుపు చేసే సంస్థ 2020 జూన్‌లో ఒక మాట చెప్పింది. డాక్టరు ఫీజు ఇస్తామని పాలసీలో ఉంటే, ఫోనులో చూసిన ఫీజు కూడా ఇవ్వాలన్నది. మెలిక ఇక్కడే ఉంది. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. అందుకే "ఓ.పి. ఖర్చు" అన్న మాట పాలసీలో ఉందో లేదో చూడండి. ఆసుపత్రిలో చేరకముందు, ఇంటికొచ్చాక అదే జబ్బుకు అయిన ఖర్చు కొన్ని రోజుల వరకు చాలా పాలసీల్లో వస్తుంది. ఎన్ని రోజులో చదవండి.

డబ్బు రావాలంటే కాగితం ఉండాలి. ఫీజు తీసుకున్న డాక్టరు రసీదు ఇవ్వాలి. మందుల చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రెండూ భద్రంగా దాచండి.

పాలసీ లేనివాళ్ళు దిగులుపడొద్దు. ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. దానికి ఫీజు లేదు. మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ, ఏ.ఎన్.ఎం.ను గానీ అడగండి.

రెండు జాగ్రత్తలు. గుండెనొప్పి, పాముకాటు, కాన్పు నొప్పులు వస్తే ఫోను డాక్టరు కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. "బీమా డబ్బు పంపుతాం, ఓ.టి.పి. చెప్పు" అని ఎవరన్నా అడిగితే ఫోను పెట్టెయ్యండి.

అక్కలారా! నిన్నటిదాకా చూపిన చోట వేలిముద్ర వేశాం. ఇప్పుడు మనకు చదువొచ్చింది. "ఓ.పి. ఖర్చు ఇస్తారా? ఎక్కడ రాసుంది?" అని ఏజెంటును అడుగుదాం. ఆ వరుస మీద వేలు పెట్టి చదువుదాం. ఆ తర్వాతే సంతకం చేద్దాం.