సేవే వృత్తిగా

సేవాసంస్థ నడపడం ఉద్యోగ విరమణ తర్వాత చేసుకునే పని అని చాలామంది అనుకుంటారు. కానీ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ అనే సేవాసంస్థను ప్రారంభించేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, ఆ తర్వాతే మెట్రిక్ పాసైన మనిషి ఆమె. చదువు మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అందుకే అలాంటి ఆడవాళ్లను తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు తయారుచేసే తరగతులు పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు అలాంటి తరగతులనే దేశమంతటా మొదలుపెట్టింది. ఒక్క అవసరాన్ని పట్టుకుని చివరిదాకా వదలకపోవడం ఆమెలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇవాళ ఈ దారిలోకి వచ్చే యువతకు దయాగుణం ఎంత ముఖ్యమో లెక్కలు రాయడమూ అంతే ముఖ్యం. సంస్థ రిజిస్ట్రేషన్, ఏటా ఆడిట్, దాతలకు పన్ను మినహాయింపునిచ్చే అనుమతి, సిబ్బందికి నెలనెలా జీతాలు, ఇవన్నీ నాయకుడి పనులే. ఆ నాయకుడూ జీతం తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. సమాజసేవలో పీజీ కోర్సు ఎమ్మెస్‌డబ్ల్యూ చదివితే మంచిదే. అంతకంటే ముందు మీ ఊళ్లోని ఏదైనా చిన్న సంస్థలో కొన్నాళ్లు చేరి, వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు రాయండి, సాయం అందినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ డబ్బు ఎలా ఉపయోగపడిందో అడగండి.