కైరో నగరమున ఇస్లామీయ కళాప్రదర్శనశాల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



కైరో నగరమునకు పోవు యాత్రికుడు మొదట పిరమిడ్లను, పిదప ఫరోల మృతకళేబరములను చూచి, ఈజిప్టునంతయు చూచితినని తలచి తిరిగివచ్చుట పరిపాటి. పాతనగరపు అంచున బాబ్ అల్ ఖల్క్ అనుచోట నున్న ఇస్లామీయ కళాప్రదర్శనశాలకు పోవువారు తక్కువ. నష్టము వారిదే. ఫరోల సమాధులలోని సంపద రాజు చనిపోయిన పిమ్మట వాని వెంట పోవుటకై సమకూర్చినది. ఈ శాలలోని వస్తువులలో పెక్కు, బ్రదికియున్నవారు నీరు త్రాగుటకు, దీపము పెట్టుకొనుటకు, ప్రార్థన చేసికొనుటకు, వాకిలి మూసికొనుటకు వాడుకొన్నవి.

గ్రంథాలయపు పండుగనాడు ఈ ముచ్చట యేల యని యెవరైన అడుగవచ్చును. ఆ భవనము రెండంతస్తులది. క్రింది అంతస్తు ప్రదర్శనశాలకు, పై అంతస్తు ఈజిప్టు జాతీయ గ్రంథాలయమునకు కట్టిరి. 1870లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయమును, 1903 డిసెంబరులో ఇచట తలుపులు తెరచిన ప్రదర్శనశాలయు ఒకే కప్పు క్రిందికి చేరెను. పుస్తకములలో చాలభాగము తరువాతికాలమున నైలునది యొడ్డున కట్టిన క్రొత్త భవనమునకు తరలినను, అపురూపములైన వ్రాతప్రతులు కొన్ని ఆ పాత యింటనే ప్రదర్శింపబడుచున్నవి. మేడమీద అక్షరము, మేడక్రింద చేతిపని. ఈ పొత్తు ఏ శిల్పి బుద్ధికి తోచినదో గాని, చక్కగా కుదిరినది.

ప్రదర్శనశాల పుట్టుక మిక్కిలి దీనమైనది. పందొమ్మిదవ శతాబ్దమున కైరోలోని పాత మసీదులనేకము జీర్ణించిపోవుచుండెను. ఐరోపా నుండి వచ్చిన ధనికులు మసీదు దీపములను, చెక్కడపు తలుపులను, ఇత్తడి సామానును కొని తమ దేశములకు తీసికొనిపోవుచుండిరి. దీనిని అరికట్టుటకు 1881లో ఒక సంఘము ఏర్పడెను. ఆ సంఘమువారు పాడువడిన కట్టడముల నుండి వస్తువులను ఏరి తెచ్చి, 1013లో పూర్తియై, అప్పటికి శిథిలమై యున్న అల్ హాకిమ్ మసీదు మండపమున చేర్చిరి. 1882లో వాని సంఖ్య 111 మాత్రమే. 1884లో ఆ మసీదు ముంగిటనే ఒక చిన్న యిల్లు కట్టిరి. అదియు చాలక బాబ్ అల్ ఖల్క్‌కు తరలిరి. మొదట దీనిపేరు అరబ్బు పురావస్తుశాల. అరబ్బులుగాని తురుష్కులు, పారశీకులు మున్నగువారి పనితనము కూడ అందున్నది గనుక 1952లో ఇస్లామీయ కళాప్రదర్శనశాల యని పేరు మార్చిరి. నేడు దాని సేకరణ లక్షకు దగ్గరగా నున్నదని చెప్పుదురు.

ఆ వస్తువులలో ఒక సమాధిఫలకము కలదు. హిజిరీ 31, అనగా క్రీ.శ. 652 నాటిది. ప్రవక్త నిర్యాణమునకు ఇరువదియేండ్ల తరువాతది. తారీఖు గల ఇస్లామీయ శాసనములలో ఇంతకంటె పాతవి బహుకొలది. అది రాజుదికాదు, సేనానిదికాదు. చరిత్రకెక్కని యొక సామాన్యునిది. అక్షరములకు చుక్కలు లేవు, పంక్తులు తిన్నగా లేవు. ఈ వ్రాతను చదివినవాడు మృతునికొరకు క్షమాభిక్ష వేడవలెనని మాత్రము అందు కోరిక యున్నది. చదువువాడొకడు ఎన్నటికైన వచ్చునని ఆ రాతిని నాటినవారు నమ్మిరి. పదమూడు వందల యేండ్లు గడచినవి. చదువువారు వచ్చుచునే యున్నారు.

కైరోకు దక్షిణమున ఫుస్తాత్ అను పాతపట్టణముండెను. 641లో అరబ్బులు దానిని నిర్మించిరి; 1168లో అది అగ్నికి ఆహుతియయ్యెను. తరువాత ఆ దిబ్బలు ఊరి చెత్తకు నెలవయ్యెను. ఆ చెత్తను త్రవ్వి చూడవలెనని పూనినవాడు అలీ బహ్గత్ అను ఈజిప్టు పండితుడు. ఈ శాలకు అధిపతియైన మొదటి ఈజిప్టు దేశీయుడాతడే. 1912 మొదలు ఆయన చేయించిన త్రవ్వకములలో ఇండ్ల పునాదులు, కాలువలు, లెక్కకు మిక్కిలియైన పెంకులు బయల్పడెను.

ఆ పెంకులలో అందరును ఆగి చూడవలసినవి కూజా జల్లెడలు. నీరు చల్లబడుటకు మెరుగుపూత లేని మట్టి కూజాలను అచట వాడెడివారు. పురుగు పుట్ర లోపల పడకుండ మెడకు అడుగున మట్టితోనే ఒక పలుచని జల్లెడను చేయుదురు. రంధ్రములు పొడిచి విడిచిన చాలును, నీరు వడగట్టబడును. కాని ఫుస్తాత్ కుమ్మరి అంతటితో తృప్తిపడలేదు. రెండు మూడు అంగుళముల ఆ మట్టిబిళ్ళపై నెమలిని, కుందేలును, చుక్కల ముగ్గును, ఒక్కొక్కప్పుడు ఒక మంచిమాటను చిల్లులతోనే అల్లెను. అది కూజా మెడలోపల నుండును. నీరు పోయునప్పుడు తొంగిచూచిన వారికి దక్క ఇతరులకు కనబడదు. కుండ ధర దానివలన ఎంత పెరిగియుండును? సుల్తానుల బంగారుపని కంటె ఈ కుమ్మరి పని గొప్పదనినచో పండితులు కోపింతురేమో. కోపించినను అది నిజము.

ఆ ఫుస్తాత్ దిబ్బలలోనే గుజరాతు దేశపు అచ్చు అద్దకపు నూలుబట్టల పేలికలు కూడ దొరకినవి. అవి లోకములోని పలు ప్రదర్శనశాలలకు చేరినవి. నీలిమందు, ఎఱ్ఱ అద్దకము, కొయ్య అచ్చు: పెడన, మచిలీపట్టణము వైపు వారికి ఈ పని పేరు చెప్పనక్కరలేదు. ఎడారిగాలి పొడిదనమువలన ఆ గుడ్డలు అక్కడ నిలిచినవి. ఇక్కడి వానలలో అవి ఏనాడో మట్టిలో కలిసియుండును.

ఇస్లామీయ కళలో మనుష్యరూపములుండవని చాలమంది విశ్వాసము. మసీదులలో ఉండవనుట నిజమే. కాని ఫాతిమీ ఖలీఫాల పడమటి నగరులోని కొయ్య పలకలపై వేటగాండ్రు, వీణ వాయించువారు, నాట్యకత్తెలు చెక్కబడి యున్నారు. ఆ నగరు పోయి, అచట సుల్తాను కలావున్ 1284–85లో వైద్యశాలను కట్టించినప్పుడు, మంచికొయ్య వ్యర్థమగునేల యని ఆ పలకలను అందు మరల వాడిరి. బొమ్మలున్న ముఖమును లోపలివైపునకు త్రిప్పిరి. రోగుల నడుమ గోడకు ముఖము పెట్టి ఆ నాట్యకత్తెలు ఆరువందల యేండ్లు దాగియుండి, ఇటీవలి శతాబ్దమున తిరిగి వెలుగు చూచిరి.

ఇక మసీదు దీపములు. ఇట్టి గాజు దీపములు ఇంతకంటె ఎక్కువగా ఉన్న చోటు ప్రపంచమున లేదు. వీనిలో సుల్తాను హసన్ మసీదు నుండి వచ్చినవి ప్రసిద్ధములు. అవి పదునాల్గవ శతాబ్దమువి. ఒక్కొక్కటి మూరెడుకు కొంచెము తక్కువ ఎత్తుండును. వెడల్పైన మెడ, గుండ్రని కడుపు, గొలుసులు తగిలించుటకు కొంకులు. లోపల చిన్న గాజుపాత్రలో నీరు, నీటిపై నూనె, నూనెలో వత్తి. ఊదిన గాజుపై రంగుగాజు పొడిని అంటించి, బంగారు నీరు పూసి, మరల కొలిమికి ఎక్కింపవలెను. వేడి చాలనిచో రంగు అంటదు. మించినచో దీపమే వంకరపోవును. మెడపై ఖురానులోని జ్యోతివాక్యమును, కడుపుపై దాత బిరుదములను వ్రాయుట ఆచారము. కొన్నిటియందు నీలపు పూత నడుమ అక్షరములను పూత లేకుండ విడిచిరి. వత్తి వెలిగింపగానే ఆ అక్షరములే వెలుగును.

2014 జనవరి 24వ తేదీ శుక్రవారము ఉదయము, వీధికి ఆవలనున్న నగర రక్షకభట కార్యాలయముపై కారుబాంబు ప్రయోగింపబడెను. నలుగురు మరణించిరి. ప్రేలుడు తాకిడికి ప్రదర్శనశాల కిటికీలు, పైకప్పులు కూలెను. అద్దపు పెట్టెలు పగిలెను. నీటిగొట్టములు తెగి కొయ్యవస్తువుల మీదికి నీరు చిమ్మెను. పై అంతస్తునందలి వ్రాతప్రతులలో కొన్నియు దెబ్బతినెను. ఎనిమిదేండ్లు మూసి, మరమ్మతు గావించి 2010లో తెరచిన భవనమది; నాలుగేండ్లయినను నిండలేదు. 170కి పైగా వస్తువులు చెడెను. గాజుదీపములలో కొన్ని ముక్కలయ్యెను. మసీదుల కొరకు చేయబడి, జ్యోతివాక్యము ధరించి, ఆరువందల యేండ్లు నిలిచిన దీపములవి.

అయినను శాలలోని ఉద్యోగులు చెదరిన ముక్కలను ఏరి, విడదీసి, అతుకుటకు పూనుకొనిరి. యునెస్కో, ఇతర దేశములు ధనసహాయము చేసినవి. ఇచట ఒక పుస్తకమును పేర్కొనవలెను. ఈ శాలకు చాలకాలము అధిపతిగా నున్న గాస్టన్ వియెట్ అను ఫ్రెంచి పండితుడు, పూతపని గల గాజుదీపములు, సీసాలన్నిటికిని సమగ్రమైన పట్టికను 1929లోనే అచ్చువేయించియుండెను. ఏ దీపముపై ఏమి వ్రాసియున్నదో, ఎవరి పేరున్నదో అందు కలదు. పట్టికలను వ్రాయుట విసుగు పనియని గ్రంథపాలకులెల్లరు ఎరుగుదురు. ఇంటిదొంగల కొరకే పనికివచ్చునని కొందరి యెగతాళి. కాని దీపము పగిలిననాడు కూడ దాని అక్షరములు కాగితముపై చెదరక యుండెను.

దెబ్బతిన్న వస్తువులలో అధికభాగము బాగుపడెను. కొన్ని బాగుపడలేదు, గాజు పిండియైన చోట అతుకుటకేమున్నది? 2017 జనవరిలో శాల తిరిగి తెరువబడెను. మునుపటికంటె ఎక్కువ వస్తువులను ప్రదర్శనకు పెట్టిరి. దీపముల గదిలో ఇప్పుడు నూనె లేదు, వత్తి లేదు. విద్యుద్దీపపు కాంతి వెనుకనుండి పడగా, నీలపు పూత నడుమ అక్షరములు తెల్లగా కనబడుచున్నవి.