తరి ఏది? ఖుష్కీ ఏది?
(నాంపల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాంపల్లి స్టేషన్ రోడ్డులో, ఆబిడ్స్ పక్కన భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం ఉన్నది. తెలంగాణ భూముల కాగితాలకు అది పెద్ద గడప. ఇదే నగరంలో, బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది. ఉపగ్రహ చిత్రాలకు అది పెద్ద గడప. ఈ రెండు గడపలూ ఒకే మాట చెప్తున్నాయా? మనం అడుగుతున్నది ఇదే.

నిజాం కాలం నుంచి మన పహాణీల్లో నీరు పారే భూమి తరి, వానను నమ్ముకున్న భూమి ఖుష్కీ. చెరువులు పూడిపోయి ఎంతో తరి బీడు పడ్డది. బోర్లు వేసుకొని ఖుష్కీ చెలకల్లో వరి నాటుకున్నాం. కాగితం మాత్రం పాత మాటే చెప్తుంది.

ఉపగ్రహం ఇవాళ్టి నేలను చూపిస్తుంది. మన ఐఆర్ఎస్-1ఎ 1988లోనే ఆకాశానికి ఎక్కింది. వానకాలం మబ్బులు అడ్డొస్తే రాడార్ ఉన్నది. 2012లో రీశాట్-1 దాన్ని మోసుకెళ్లింది. రాడార్ చిత్రంలో నాట్లప్పుడు నీళ్లు నిలిచిన మడి నల్లగా ఉంటుంది, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. ఆ వరుసను బట్టి అది వరి అని గుర్తుపడతారు. దానిమీద నేల రకం, వాలు, చెరువులు, కాలువల పటాలు పేరిస్తే వరికి అనువైన భూమి ఏదో తేలుతుంది.

అయితే పచ్చని మడికి పారింది కాలువ నీరా, బోరు నీరా? ఆ చిత్రమొక్కటే చెప్పలేదు. సాగు చేసింది పట్టాదారా, కౌలుదారా? అసలే చెప్పలేదు. 2018లో వచ్చిన రైతుబంధు కౌలు రైతుకు అందలేదు. భూగర్భజలం లెక్క చూడకుండా 'ఇది వరి భూమి' అని రాస్తే, రైతు ఇంకో బోరు వేసి ఇంకో అప్పు మోస్తాడు.

నీళ్ల కోసం కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. 2015లో మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీసుకున్నాం. ఇక మిగిలింది ఈ లెక్క. మా డిమాండ్ ఒక్కటే: ఉపగ్రహ పటాన్ని సర్వే నంబర్ల వారీగా గ్రామసభ ముందు పెట్టాలి. రెవెన్యూ, వ్యవసాయ, భూగర్భజల శాఖల ఉద్యోగులు పొలం గట్టు మీద నిలబడి సరిచూడాలి. విద్యార్థులారా, ఇస్రో 'భువన్' పటాలు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. మీ ఊరి పటం తీయండి, మీ ఊరి పెద్దలతో సరిచూడండి.

నీటి లెక్క లేని భూమి లెక్క రైతు మెడకు ఉరితాడు.

జై తెలంగాణ!